వడ్లమన్నాడు దాటాక... ఆరో భాగం: నీలం మూత మజ్జిగ సీసా

పోయినవారం భాగంలో బండి ఎక్కడ ఆగిందో ఇప్పటికీ అక్కడే ఉంది. వడ్లమన్నాడు దాటి రెండు కిలోమీటర్లు వచ్చాక గాలివానకి తుమ్మచెట్టు కూలి పట్టాలకి అడ్డంగా పడింది. పొద్దున మచిలీపట్నంలో బయల్దేరిన విజయవాడ ప్యాసింజరు కౌతవరం చేరకుండానే పొలాల మధ్య నిలిచిపోయింది. చివరి పెట్టెలో, మొహం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడని అందరూ అనుకున్న మనిషి నిద్రపోవడం లేదని అప్పుడే తెలిసింది. ఆయన పేరు ఏడుకొండలు. గిలకలదిండిలో బోటు డ్రైవరు. అదే పెట్టెలో ఉన్న నర్సు హిమబిందు నాడి చూసి, కనురెప్పలెత్తి చూసి, "పురుగుమందండీ. మా వార్డుకి ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి" అని చెప్పింది. డ్యూటీకి వెళ్తున్న రైల్వే పోలీసు ఎస్సై కృపాకుమారి రెండువైపులా తలుపులు వేయించి, ఆయన సీటు కింద దొర్లుతున్న నీలం మూత మజ్జిగ సీసాని చేతిరుమాలుతో పట్టుకుని పైకెత్తింది. "ఇదెవరిది?" అని అడిగింది.

ఎదుటి సీట్లో ఎండుచేపల గంపతో కూర్చున్న తాతమ్మ, చిలకలపూడి నుంచి ఏడుకొండలుని నోటికొచ్చినట్టు తిడుతూ వచ్చిన తాతమ్మ, తలెత్తి చూసింది.

"నాదే" అంది.

పెట్టె పైరేకు మీద వాన మోగుతోంది. దాన్ని మించి అందరూ ఒకేసారి మాట్లాడారు.

"విన్నారుగా మేడం? ఇంకేం కావాలి మీకు?" అన్నాడు కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన. "ఆవిణ్ణి అదుపులోకి తీసుకుని మమ్మల్ని వదిలెయ్యండి. నేను ముందు పెట్టెలోకి వెళ్ళిపోతాను."

"ఎక్కిన దగ్గర్నించీ చావు చావు అంటూనే ఉందండీ. నా చెవులతో విన్నాను."

"ఆ గంప కంపుతో ఇంకెంతసేపు? కిటికీలు కూడా వేసేశాం కదా!"

నలుగురు సెల్‌ఫోన్లు పైకెత్తి తాతమ్మ వైపు తిప్పారు. ఆమె మొహం దాచుకోలేదు. గంపని కాళ్ళ దగ్గరికి లాక్కుని, కొంగుతో మెడ తుడుచుకుని, ఫోన్ల వైపే చూసింది.

"తీసుకోండి. బాగా తీసుకోండి. వాడు చచ్చాడు, నేను బతికున్నాను. నాకింతకన్నా మంచిరోజు లేదు."

"చూశారా! ఆ పొగరు చూశారా!" అంటూ మధ్య సీట్లోంచి సుభాషిణి లేచింది.

సుభాషిణి ఎవరో పెట్టెలో చాలామందికి తెలుసు. మొవ్వ వైపు రైతుల కుటుంబం. పదేళ్ళుగా బందరులో ఉంటూ రెండు బోట్లు నడిపిస్తోంది. ఏడుకొండలు నడిపింది ఆమె బోటే. ఎనిమిది నెలల కిందట ఆ బోటు అయిదుగురితో వేటకి వెళ్ళి నలుగురితో తిరిగొచ్చిందన్నారు. రానివాడు తాతమ్మ ఒక్కగానొక్క కొడుకు బాలాజీ. వల లాగుతుంటే కాలు జారి సముద్రంలో పడ్డాడని ఏడుకొండలు చెప్పాడు. శవం దొరకలేదు. దివిసీమ ఒడ్డంతా, నాగాయలంక నుంచి హంసలదీవి దాకా, తాతమ్మ నెలరోజులు కాలినడకన వెతికింది. వాడు తాగి బోటు నడిపి నా కొడుకుని ముంచేశాడని ఆఫీసుల చుట్టూ తిరిగి అర్జీలు పెట్టింది. చివరికి ఒక అధికారి ముగ్గుర్నీ, అంటే తల్లినీ డ్రైవర్నీ బోటు యజమానురాలినీ, ఈరోజు మధ్యాహ్నం విజయవాడ రమ్మని కాగితాలు పంపాడు. అందుకే ముగ్గురూ ఈ బండిలో ఉన్నారు.

"మూడు నెలలు ఈమె ఇంటికి బియ్యం పంపాను మేడం" అంది సుభాషిణి. గొంతు పెద్దదిగా లేదు కానీ చివరి సీటు దాకా వినిపించింది. "కొడుకు పోయిన బాధలో ఉంది కదా అని ఎన్ని మాటలన్నా పడ్డాను. ఏడుకొండలు కూడా పడ్డాడు. చివరికి ఇంత పని చేస్తుందనుకోలేదు. నలుగురిలో ఒప్పుకుంది కదా, ఇంకా ఈ ప్రశ్నలెందుకు? ఆడమనిషి కదా అని జాలా మీకు?"

కృపాకుమారి సీసా వైపు చూసింది. నిజానికి ఒక నిమిషం పాటు ఆమె కూడా అంతే అనుకుంది. మందు కలిపిన మనిషి దొరికింది, గుడివాడలో దించితే సరిపోతుంది అనుకుంది. కానీ చేతిలో రుమాలు తడిసిపోయి ఉంది. సీసా మూత బిగించే ఉంది, ఎక్కడా కారడం లేదు. తడి బయట నుంచి వస్తోంది. సీసా ఒళ్ళంతా సన్నటి నీటిచుక్కలు. రుమాలు తీసేసి చేతివెనక ఆనించి చూసింది. చల్లగా ఉంది.

ఆమె వెళ్ళి తాతమ్మ ఎదురుగా నిలబడింది.

"ఈ మజ్జిగ ఇంట్లో నింపుకొచ్చావా?"

"మా ఇంట్లో పాడి ఎక్కడిది?"

"మరి కొన్నావా?"

"లేదు."

"నీదేనన్నావు కదా ఇందాక!"

"నాకిచ్చింది నాదే గదా."

పెట్టెలో ఎవరో కిసుక్కున నవ్వారు. కృపాకుమారికి ఒళ్ళు మండింది. "ఇచ్చారా? ఎవరిచ్చారు? ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా? ఎవరిదన్నావు. నాదన్నాను." తాతమ్మ గొంతులో కాస్త కూడా తగ్గుదల లేదు. "ఎనిమిది నెలల్నించీ నేను ఎక్కని మెట్లు లేవు. ఒక్కడన్నా నే చెప్పేది చివరిదాకా విన్నాడా? అడిగిందానికే చెప్పమన్నారు. ముసలిదానా, ఎక్కువ వాగొద్దన్నారు. నేర్చుకున్నాను. అడిగితేనే చెబుతున్నాను."

"సరే, అడుగుతున్నాను. ఎవరిచ్చారు?"

తాతమ్మ చెయ్యెత్తి తలుపు దగ్గర కూర్చున్న ఒక యువకుణ్ణి చూపించింది. "అదిగో, ఆ అబ్బాయి. పెడనలో బండి ఆగినప్పుడు తెచ్చిచ్చాడు. ఉక్కగా ఉందమ్మా, తాగండి అన్నాడు."

ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి అతనికి. జీన్స్ ప్యాంటు, తెల్లచొక్కా, చెవుల్లో వైర్లు. కాళ్ళ మధ్య తెల్లటి థర్మోకోల్ పెట్టె పెట్టుకుని ఉన్నాడు. అందరూ తనవైపు తిరిగేసరికి చెవుల్లో వైర్లు పీకేశాడు.

"నేనా? ఏం మాట్లాడుతున్నారండీ? నేనీవిణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

"నీ పేరు?"

"కళ్యాణ్. హైదరాబాదులో జాబ్ చేస్తున్నాను. ఈ గొడవకీ నాకూ ఏం సంబంధం మేడం? ఎవరో ఏదో అంటే నన్నడుగుతారేంటి?"

"పెడనలో నువ్వు లేచి ఆమె దగ్గరికి వెళ్ళావా లేదా?"

"అసలు సీట్లోంచి లేవలేదు."

"అబద్ధం!" అంది తాతమ్మ.

"అబద్ధం నువ్వాడుతున్నావు" అంటూ సుభాషిణి అందుకుంది. "పాపం, ఎవరో ఊరుగాని ఊరు కుర్రాణ్ణి ఎందుకు లాగుతావు మధ్యలోకి? మేడం, ఆ అబ్బాయి నాకు ఎదురుగానే ఉన్నాడు. బందరులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను."

ఆ మాటతో పెట్టె మొత్తం తాతమ్మ మీద విరుచుకుపడింది. కళ్ళజోడాయన లేచి నిలబడి, "పోలీసువాళ్ళే నేరస్థుల్ని వెనకేసుకొస్తే ఇంకేం చెబుతాం! ఇదంతా వీడియో తీస్తున్నానండీ, మీ పై ఆఫీసర్లకి పంపిస్తాను" అని అరిచాడు. పక్కనున్న ఒకావిడ తన సంచి తీసుకుని తాతమ్మకి దూరంగా జరిగింది. ఎవరో తలుపు గడియ తియ్యబోయారు.

"తలుపు మీద చెయ్యి తియ్యండి!" కృపాకుమారి అరుపుకి ఆ చెయ్యి వెనక్కి వెళ్ళింది. "ఇక్కడ ఒక మనిషి చనిపోయాడు. మీకు ఆలస్యమైతే అయింది. ఎవరి సీట్లో వాళ్ళు కూర్చోండి. హిమబిందుగారూ, ఒకసారి రండి. ఈ సీసా పట్టుకు చూడండి. రుమాలుతో."

నర్సు పట్టుకుని చూసింది. "చల్లగా ఉందండీ."

"ఎంత చల్లగా?"

"ఇప్పుడే ఐసులోంచి తీసినంత కాదు. కానీ పొద్దుటి నుంచి బయట ఉన్నదైతే ఈపాటికి వేడెక్కిపోవాలి. ఐసులోంచి తీసి గంట, మహా అయితే గంటన్నర."

"బండి బందరులో కదిలి రెండున్నర గంటలయింది, చిలకలపూడిలోనే గంట ఆపేశారు. పెడన దాటి గంటా పావు." కృపాకుమారి అందరివైపూ తిరిగింది. "ఈ పెట్టెలో ఐసు ఎవరి దగ్గరుంది? తాతమ్మ గంపలో ఎండుచేపలున్నాయి. ఎండుచేపలకి ఐసు పెట్టరు. చెప్పండి, ఎవరి దగ్గరుంది?"

 ఒక్కొక్కరి కళ్ళూ వెళ్ళి కళ్యాణ్ కాళ్ళ మధ్య ఆగాయి. థర్మోకోల్ పెట్టె మూలలోంచి నీళ్ళు కారి నేల మీద సన్నటి గీతలా పారుతున్నాయి.

"అందులో ఏముంది?"

"చేపలు" అన్నాడు కళ్యాణ్ వెంటనే. "వంజరం. పొద్దున్నే గిలకలదిండి హార్బరుకెళ్ళి కొన్నాను. విజయవాడలో ఫ్రెండు వాళ్ళింట్లో ఫంక్షనుంది."

అప్పుడు తాతమ్మ నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

"ఎన్ని కిలోలు నాయనా?"

"మూడు... మూడున్నర."

"తాజావేనా?"

"చెప్పాను కదండీ, పొద్దున్నే బోటు దిగిన సరుకు."

"ఏ బోటు?" తాతమ్మ గంప పక్కకి నెట్టి లేచి నిలబడింది. "ఏ బోటు దిగింది చెప్పు! చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నెల సగం నించీ సర్కారోళ్ళు వేట ఆపేశారు. ఇంకో పదిహేను రోజుల దాకా ఒక్క బోటు కదలదు. రేవులో వరసగా కట్టేసి ఉన్నాయి, ఇంజన్ల మీద పరదాలు కప్పేసి. నాటుపడవ వేసుకుని వెళ్ళినోడికి వంజరం పడుద్దా? తాజా చేప ఉంటే నేను ఈ ఎండుచేపలు మోసుకుంటూ ఊళ్ళెందుకు తిరుగుతానయ్యా? ఇందాక వాసన కొడుతోందన్నారే, మీరైనా చెప్పండి, ఆ పెట్టెలోంచి ఎవరికైనా పచ్చిచేప వాసన వచ్చిందా?"

ముక్కులు మూసుకున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"పెట్టె తియ్యి" అంది కృపాకుమారి.

"వారంట్ లేకుండా నా లగేజీ..."

"కళ్యాణ్, పెట్టె తియ్యి."

అతను తియ్యలేదు. కృపాకుమారే వంగి టేపు లాగి మూత ఎత్తింది. సగం కరిగిన ఐసు ముక్కలు. వాటి మధ్య నిలువుగా దిగేసిన రెండు మజ్జిగ సీసాలు. రెంటికీ నీలం మూతలు. రెంటిలోనూ తేలుతున్న కరివేపాకు. వాటి పక్కన ఐసులో గుండ్రటి గుంట ఒకటి మిగిలి ఉంది. చేతిలో ఉన్న సీసాని ఆమె దాని పైన పట్టుకుంది. గుంట సరిగ్గా అంతే ఉంది.

కళ్యాణ్ మొహంలో రంగు పోయింది. అతను ఎస్సై వైపు చూడలేదు, తాతమ్మ వైపు చూడలేదు. మధ్య సీటు వైపు చూశాడు.

"అత్తా!" అన్నాడు. చిన్నపిల్లాడు పిలిచినట్టు పిలిచాడు.

 ఇందాక 'ఎవరో ఊరుగాని ఊరు కుర్రాడు' అన్న సుభాషిణి మొహం మీదికి ఫోన్లన్నీ ఒక్కొక్కటిగా తిరిగాయి. ఆమె మాత్రం తొట్రుపడలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని నెమ్మదిగా నడిచొచ్చి ఐసుపెట్టె పక్కన నిలబడింది.

"మా తమ్ముడి కొడుకు" అంది. "అయితే ఏంటి? బంధువులు పక్కపక్కనే కూర్చోవాలని చట్టం ఉందా?"

"ఎవరో తెలియదన్నట్టు మాట్లాడారు కదా మీరు."

"మా ఇంటి పిల్లాణ్ణి హత్యకేసులో ఇరికిస్తుంటే ఊరుకోమంటారా? అవును, అబద్ధం చెప్పాను. ఎవరైనా చెబుతారు. ఆ మజ్జిగ మా ఇంట్లోదే. మా పనమ్మాయి చేసింది. ఈ ఉక్కలో దారిలో తాగుదామని తెచ్చుకున్నాం. ముసలామె ఎండిపోయి కూర్చుందని జాలిపడి ఒకటి ఇచ్చి రమ్మన్నాను."

"మీరే ఇవ్వచ్చు కదా? మూడు నెలలు బియ్యం పంపిన మనిషి, సీసా ఇవ్వడానికి మేనల్లుణ్ణి పంపడమెందుకు? పైగా ఎవరు పంపారో చెప్పకుండా!"

"అందరిముందూ ఇచ్చి పేరు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు." సుభాషిణి కళ్ళు తాతమ్మ మీదికి తిరిగాయి. "ఒక మాట వినండి మేడం. నేను సీసా పంపింది ఈమెకి. ఏడుకొండలుకి కాదు. మరి వాడి నోట్లోకి ఎలా వెళ్ళింది? మధ్యలో ఎవరి చేతిలో ఉంది? చావమని తిట్టిన మనిషి చేతిలోనే కదా! నేను దయతలిచి ఇచ్చిన మజ్జిగలో మందు కలిపి వాడికి తాగించింది. ఇప్పుడు నా మీదికి నెట్టాలని చూస్తోంది. మా మజ్జిగలో విషముందని మీ అనుమానం, అంతేగా?"

సుభాషిణి ఎవరూ ఊహించని పని చేసింది. వంగి ఐసులోంచి ఒక సీసా లాగింది. కృపాకుమారి "ఆగండి!" అనేలోపే మూత తిప్పి ఎత్తి పట్టుకుంది. గడగడా సగం సీసా తాగేసింది. మూతి తుడుచుకుని సీసాని ఎస్సై ముందుకి చాపింది.

"చూసుకోండి. చచ్చానా?"

"శభాష్!" అన్నాడు కళ్ళజోడాయన. ఇంకొకరెవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. తాతమ్మ తన సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. పెట్టె మళ్ళీ ఆమె మీదికే తిరిగిపోతోందని ఆమెకి అర్థమైంది.

కృపాకుమారి మాత్రం సుభాషిణి తాగడం కాదు, తాగేముందు చేసిన పని చూసింది. సీసా పైకి లాగగానే ఆమె మూత వైపు చూడలేదు. సీసాని కాస్త పక్కకి వంచి అడుగు చూసింది. రెప్పపాటు సేపు. తర్వాతే మూత తిప్పింది.

కృపాకుమారి ఏడుకొండలు సీటు కింద దొరికిన సీసాని తలకిందులు చేసింది. అడుగున, గుంటలా ఉన్నచోట, కందిగింజంత ఎర్రచుక్క ఉంది. గోళ్ళరంగు. వేలితో గీరితే పోలేదు. సుభాషిణి చేతిలోని సీసా లాక్కుని చూసింది. చుక్క లేదు. ఐసులో మిగిలిన మూడోది తీసి చూసింది. చుక్క లేదు.

"మూడు సీసాల్లో ఒక్కదానికే గుర్తెందుకు పెట్టారు సుభాషిణిగారూ?"

"నాకేం తెలుసు? షాపువాడు పెట్టాడేమో."

"మీకు తెలియకపోతే తాగేముందు అడుగెందుకు చూశారు?"

సుభాషిణి అప్పటికే తుడుచుకున్న మూతిని మళ్ళీ తుడుచుకుంది.  కళ్ళజోడాయన ఫోను కిందికి దించేశాడు.

"తాతమ్మా" అంది కృపాకుమారి. ఆమె గొంతు ఇందాకటిలా లేదు. "ఈ మజ్జిగ ఏడుకొండలు కోసం కాదు. నీ కోసం."

తాతమ్మ ఆ మాట విన్నట్టు లేదు. సీసా వైపు చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి కిటికీ పక్కన తువ్వాలు కప్పుకున్న మనిషి వైపు చూసింది.

"వాడే తీసుకున్నాడు" అంది. ఎవరికి చెబుతోందో తెలియలేదు. "నేనివ్వలేదు. నాకు తాగబుద్ధి కాలేదు, పక్కన పెట్టాను. పెడన దాటాక వాడొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎనిమిది నెలల్లో అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. వదినా, నీకొక మాట చెప్పాలి అన్నాడు. ఉమ్మేశాను. తుడుచుకుని మళ్ళీ వదినా అన్నాడు. నోరెండిపోయి ఉంది వాడికి, మాట పెగల్లేదు. సీసా తీసుకుని ఒక గుక్క తాగాడు. అడగలేదు. మా ఆయన బతికున్న రోజుల్లో మా ఇంటికొచ్చి కుండలో నీళ్ళు ఎలా ముంచుకునేవాడో అలాగే తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది."



"ఏమన్నావు?" అని అడిగింది హిమబిందు, అడగకుండా ఉండలేక.

"తాగు, తాగి చావు అన్నాను." తాతమ్మ సీటు కడ్డీ వదిలేసింది. "ఇంకా తాగాడు."

ఆమె రెండడుగులు వేసి ఏడుకొండలు ముందు నిలబడింది. తువ్వాలు ఒక అంచు పట్టుకుని కిందికి లాగింది. పొద్దుటి నుంచి తిట్టిన మొహం. నోటి పక్కన నురగ ఎండిపోయి చారలా ఉంది. ఆమె తన కొంగు చివర నాలిక మీద తడిచేసి ఆ చారని తుడిచింది. ఒకసారికి పోలేదు. మళ్ళీ తుడిచింది.

"నీ మీద నాకున్న కోపం పోలేదురా" అంది వాడితో. "పోలేదు. ఏం చెయ్యను?"

దూరంగా ఇంజను కూత వినిపించింది. చెట్టు తీసేశారని గార్డు బయట నుంచి కేకేసి చెప్పాడు. ఇంకో రెండు నిమిషాల్లో కదులుతుందన్నాడు. సుభాషిణి ఆ మాట కోసమే చూస్తున్నట్టుంది.

"గుడివాడలో మా లాయరు ఉంటాడు" అంది ఎస్సైతో. "ఇకమీద ఏదైనా ఆయనతోనే మాట్లాడండి. రంగుచుక్క చూసి కేసు పెడతారా మీరు? నేనెందుకు చంపుతాను ఈమెని? ఎండుచేపలమ్ముకునే మనిషి నాకేం అడ్డం? ఈమె అర్జీ పెట్టింది నా మీద కాదు, వాడి మీద. విచారణలో ఈమె వాణ్ణే తిడుతుంది. నాకు పోయేదేముంది?"

అది నిజమే. కృపాకుమారికి అంతవరకు దారి దొరకని చోటు కూడా అదే. తాతమ్మ నోరు మూయించి సుభాషిణికి కలిసొచ్చేదేమీ లేదు. విజయవాడలో ఈ ముసలామె చెప్పబోయేది, ఎనిమిది నెలలుగా చెబుతున్న మాటే. అది అందరూ విన్నదే.

అందరూ విన్నదే అయితే, ఎవరూ వినని మాట ఏదో ఇంకొకటి ఉండాలి.

"తాతమ్మా, నీకొక మాట చెప్పాలని వచ్చాడన్నావు. చెప్పాడా?"

తాతమ్మ తల ఊపింది.

"ఏం చెప్పాడు?"

"తాగుబోతు మాటలు కూడా రాసుకుంటారా మేడం?" సుభాషిణి మధ్యలో వచ్చింది. ఈసారి గొంతు పెద్దదయింది. "చచ్చిపోయేవాడు మత్తులో ఏదో వాగితే అది సాక్ష్యమా? నిన్న రాత్రి నుంచీ తాగుతూనే ఉన్నాడు వాడు. కళ్యాణ్, పెట్టె మూసి లే."

కళ్యాణ్ లేవలేదు.

"వాడు తాగలేదు" అంది తాతమ్మ. "మొహం మీద మొహం పెట్టి మాట్లాడాడు, నాకు వాసన రాలేదు. నాకు తెలుసు, అయినా తాగుబోతు మాటే అనుకున్నాను. తప్పించుకోవడానికి కొత్త అబద్ధం ఎత్తుకొచ్చాడనుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు." ఆమె సుభాషిణి వైపు తిరిగింది. మూడు నెలలు బియ్యం పంపినందుకు అమ్మగారూ అని పిలిచిన నోరు అది. "నువ్వెందుకు భయపడుతున్నావిప్పుడు? ఆ మాట వినకుండానే భయపడుతున్నావే, ఎందుకు?"

"నాకేం భయం?"

"మాట మాటగా చెప్పు తాతమ్మా" అంది కృపాకుమారి. "నేను అడుగుతున్నాను. చివరిదాకా వింటాను."

తాతమ్మ ఏడుకొండలు భుజం మీద చెయ్యి వేసి, అతనే చెబుతున్నట్టు చెప్పింది.

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎనిమిది నెలలు నోరు మూసుకున్నాను. ఆ రాత్రి మన బాలాజీ అసలు బోటెక్కలేదు. మేం బయల్దేరింది నలుగురమే. అన్నాడు."

రేకు మీద వాన తగ్గింది. కళ్యాణ్ మాట పెట్టె అంతా వినిపించింది. అతను ఎవరితోనూ దాచుకునే స్థితిలో లేడు.

"అది వాడు ఈమెకి ఇంకా చెప్పలేదన్నావు కదత్తా! చెప్పేలోపే ఈమె పోతే విచారణే ఉండదన్నావు!"

సుభాషిణి చెయ్యి అతని చెంప మీద పడిన చప్పుడు, బండి కుదుపు రెండూ ఒకేసారి అయ్యాయి. చక్రాలు కదిలాయి. నిలబడినవాళ్ళంతా దొరికిన కడ్డీ పట్టుకున్నారు. తాతమ్మ ఏమీ పట్టుకోలేదు. ఊగుతూనే నడిచొచ్చి కళ్యాణ్ చొక్కా గుప్పిట పట్టి, అతని మొహంలోకి వంగింది.

"సముద్రంలో లేడా?" అంది. "అయితే నా కొడుకుని ఎక్కడుంచారు?"